బందెలదొడ్డిలో కారు

ఏనుగుకి రెండు రూపాయలు. ఒంటెకీ, బర్రెకీ ఎనిమిదణాలు. గుర్రం, ఎద్దు, ఆవు అయితే నాలుగణాలు. దూడ, గాడిద, పంది రెండణాలు. గొర్రె, మేక ఒక్క అణా.

1871లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేసిన పశువుల చొరబాటు చట్టంలో 12వ సెక్షన్ కింద ఉన్న జరిమానాల పట్టీ ఇది. ఎవరి చేలోనో పడి మేస్తున్న గొడ్డుని పట్టుకుని బందెలదొడ్డికి తోలితే, యజమాని ఈ లెక్కన డబ్బు కట్టి, మేత ఖర్చు కూడా ఇచ్చి విడిపించుకోవాలి.

తాగి నడిపినందుకు పోలీసులు పెట్టేసుకున్న కారు గురించి రాద్దామని కూర్చుని గొడ్ల చట్టం దగ్గర మొదలెడుతున్నానంటే కారణం ఉంది. మనిషి తప్పుకి అతని ఆస్తిని కట్టేసి, వచ్చి విడిపించుకుపొమ్మనే పద్ధతిని మన పల్లెలు బాగా ఎరిగింది ఈ దొడ్డి రూపంలోనే. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తీరిక దొరికితే కథలూ నవలలూ చదివి వాటి మీద నాలుగు ముక్కలు రాసుకుంటాను. చట్టం పుస్తకాల జోలికి వెళ్ళే అవసరం మా అన్న కారు వల్ల వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు దొడ్డి.

దొడ్డి నియమాలు

నా వయసు వాళ్ళకి బందెలదొడ్డి అంటే ఒక మాట మాత్రమే. గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో మా నాన్న తరానికి అదొక స్థలం. మొండిగోడ, కర్రగేటు, లోపల ఒక నీళ్ళ తొట్టి. గొడ్డు సాయంత్రం ఇంటికి రాలేదంటే మొదట చెరువు కట్ట వైపు చూసేవాళ్ళట, తర్వాత దొడ్డి వైపు.

ఆ చట్టం చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. గొడ్డుని పట్టుకున్నవాడు 24 గంటల్లోగా దొడ్డికి చేర్చాలి. దొడ్డి కాపలాదారు రిజిస్టరులో ఎన్ని పశువులు, ఎలాంటివి, ఏ రోజు ఏ గంటకి వచ్చాయి, పట్టుకొచ్చింది ఎవరు, యజమాని ఎవరు అన్నవి రాయాలి. గొడ్డు తన దగ్గర ఉన్నన్నాళ్ళూ మేతా నీళ్ళూ చూడాలి. జరిమానాల పట్టీ, మేత ధరల పట్టీ అందరికీ కనిపించేట్టు దొడ్డి దగ్గర వేలాడదీయాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసుకి కబురు చెయ్యాలి. అప్పుడు దండోరా వేసి, నోటీసు అంటించి, మరో ఏడు రోజులు చూసి వేలం వెయ్యాలి. వేలంలో వచ్చిన డబ్బులో జరిమానా, ఖర్చులు పోను మిగిలింది యజమానిదే.

ఇంకో రెండు నియమాలున్నాయి. తన గొడ్డుని అన్యాయంగా పట్టుకున్నారనుకుంటే యజమాని పది రోజుల్లోగా మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేసుకోవచ్చు, నిజమని తేలితే వంద రూపాయల దాకా పరిహారం. గొడ్డు నాలుగణాలకి విడుదలయ్యే రోజుల్లో వంద రూపాయలంటే మాటలు కాదు. రెండోది 19వ సెక్షన్: పోలీసు అధికారి గానీ దొడ్డి కాపలాదారు గానీ ఆ వేలంలో స్వయంగానో, ఇంకొకరి చాటునో పశువుల్ని కొనకూడదు. ఇలాంటి నియమం ఊరికే పుట్టదు. కొంటున్నారు కాబట్టే రాశారని అనుకోవడం తప్పు కాదేమో.

దీన్ని బట్టి తెల్లవాళ్ళు గొప్ప దయామయులని చెప్పబోవడం లేదు. కాగితం మీద అంత పొందిగ్గా ఉన్న దొడ్డి బయట ఎలా నడిచిందో చెప్పడానికి పల్నాడు చాలు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తరతరాలుగా పశువులు మేసిన అడవి ఒక్కసారిగా సర్కారు చేను అయిపోయింది. అక్కడ మేపాలంటే పుల్లరి కట్టాలి, కట్టకపోతే మంద దొడ్డికి పోతుంది. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టేది లేదన్నారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఆ పోరాటంలోనే. దొడ్డిలో ఉన్నది గొడ్డే అయినా, కట్టేసింది ఒక కుటుంబం బతుకుని. నాగలి కట్టే ఎద్దు వారం రోజులు దొడ్డిలో ఉంటే అదును దాటిపోతుంది. జరిమానా నాలుగణాలే, నష్టం ఒక పంట. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, కారు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

గొడ్డు పోయి బండి వచ్చె

మోటారు వాహనాలకి దేశం మొత్తానికి మొదటి చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టంలో తాగి నడపడం మీద 117వ సెక్షన్ ఉండేది. ఎంత తాగాడన్నది దానికి ముఖ్యం కాదు, బండిని అదుపు చెయ్యలేనంతగా తాగాడా అన్నదే ప్రశ్న. నడిచి చూపించమనడం, నోరు వాసన చూడడం, డాక్టరు సర్టిఫికెట్ తేవడం, ఇవీ రుజువులు. 1988 చట్టంలో ఇది 185వ సెక్షన్ అయింది. మొదట్లో రక్తంలో మద్యం ఏ కాస్త ఉన్నా నేరమే అని రాశారు. 1994 సవరణలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే అని, అదీ బ్రెత్ ఎనలైజర్ పరీక్షలో తేలితే అని మార్చారు. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ళు, పదిహేనువేలు.

ఇదంతా మనిషికి. మరి బండికి? 202వ సెక్షన్ చూడాలి. తాగి నడిపినవాణ్ణి వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే వదిలెయ్యాలి. అదే సెక్షన్‌లో మూడో ముక్క: డ్రైవర్ని అరెస్టు చేసిన అధికారి, అవసరమైతే, వాహనాన్ని తాత్కాలికంగా ఏం చెయ్యాలో చూసుకోవచ్చు. తాత్కాలికంగా, అంతే. నడిరోడ్డు మీద డ్రైవరు లేని బండిని వదిలెయ్యలేరు కదా, పక్కన పెట్టమని దాని భావం. రిజిస్ట్రేషన్ లేదనో, పర్మిట్ లేదనో బండిని ఆపి ఉంచుకునే అధికారం వేరే ఉంది, 207వ సెక్షన్‌లో. ఆ జాబితాలో తాగి నడపడం లేదు.

అయినా మనందరికీ తెలిసిన దృశ్యం వేరు. జాతీయ రహదారి మీద ఏ ఊళ్ళో స్టేషన్ ముందు నుంచి వెళ్ళినా ప్రహరీ పక్కన వరసగా బండ్లు. టైర్లు నేలకి అతుక్కుని, అద్దాల మీద దుమ్ము పొరలు కట్టి, కొన్నిటి బానెట్ లోంచి రావి మొక్కలు లేచి ఉంటాయి. వాటిలో దొంగతనం కేసులవి, ప్రమాదాలవి, మద్యం రవాణావి, ఎర్రచందనంవి, తాగి నడిపినవి అన్నీ కలిసే ఉంటాయి. ఏది ఏ సెక్షన్ కింద వచ్చిందో బయటి నుంచి చూసి చెప్పలేం. లోపలి నుంచి కూడా చెప్పగలరా అని నా అనుమానం.

మాటల్లో కూడా ఒక కలగాపులగం ఉంది. జప్తు, జామీను, పంచనామా లాంటి మాటలు ఫార్సీ కచేరీల నుంచి వచ్చినవి. అన్నిట్లోకి తమాషా అయినది ముద్దాయి. అరబీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగుకి వచ్చేసరికి వాడు బోనులో నిలబడ్డాడు. కోర్టు మెట్లెక్కిన ఎవరైనా చివరికి నిందితుడిలాగే ఫీలవుతాడన్న సంగతి మన భాష ముందే గ్రహించిందేమో అని సరదాగా అనుకుంటుంటాను. బందెలదొడ్డి మాటలో మాత్రం దొడ్డి మన ఇంటి వెనక దొడ్డే. అందుకే కాబోలు దానికి జప్తుకున్నంత గంభీరం రాలేదు.

సీసా డిక్కీలోనా, కడుపులోనా

తాత్కాలికంగా అన్నది నెలల తరబడి ఎందుకైంది? నాకు తోచిన జవాబు మన మద్యనిషేధ చరిత్రలో ఉంది.

1937లో మద్రాసు ప్రధానిగా రాజాజీ నిషేధాన్ని మొదట సేలం జిల్లాలో పెట్టారు. మరుసటి ఏడాది అది చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. అంటే తెలుగు నేల మీద నిషేధం మొదట అడుగుపెట్టింది మా పక్క జిల్లాల్లోనే. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు, ఈ రోజు మనం బిల్లుల్లో చూసే జీఎస్టీకి అది తాతలాంటిది. 1948కల్లా నిషేధం రాష్ట్రమంతా పరుచుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, నిషేధం ఉండాలా పోవాలా అన్న గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివరికి నిషేధం పోయింది, 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చింది.

ఆ నిషేధ కాలం ఎలా నడిచిందో చరిత్ర పుస్తకాల కన్నా రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' బాగా చెప్తాయి. ఆయన వృత్తికి వకీలు. 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మకి కోర్టు ఎలా నడుస్తుందో తన వకీలు కన్నా ఎక్కువ తెలుసు. కేసులో పట్టుబడ్డ సరుకుకి, కేసుకి, శిక్షకి మధ్య సంబంధం ఎంత వదులుగా ఉంటుందో ఆ కథలు చదివితే అర్థమవుతుంది. చట్టం సారాని నిషేధించింది, పోలీసుకి మాత్రం ఒక కొత్త పొలం దొరికింది.

తర్వాతి అధ్యాయం మా జిల్లాదే. గూడూరు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ అంతకుముందు నెల్లూరు జిల్లా. 1991, 92లలో అదే జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు, రోశమ్మ ముందు నడవగా, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఉద్యమం ఊరూరికీ పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ సంతకం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

నిషేధ చట్టాలకీ ఎక్సైజ్ చట్టానికీ వాహనం అంటే ఒకే అర్థం: సరుకు మోసే సాధనం. సీసాలు డిక్కీలో దొరికితే బండి కూడా నేరంలో భాగమే, దాన్ని ప్రభుత్వం పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చు. నేరానికి బండి లేకుండా కుదరదు కాబట్టి ఆ తర్కం అర్థమవుతుంది. మా ప్రాంతంలో ఈ పట్టివేతలు కొత్త కాదు. తడ దాటితే తమిళనాడు, పలమనేరు దాటితే కర్ణాటక. ఇక్కడ దొరకనప్పుడో, ఇక్కడ ధర ఎక్కువైనప్పుడో సీసాలు అటు నుంచి ఇటు నడిచొస్తాయి. 2019 తర్వాత రేట్లు పెరిగి, బ్రాండ్లు మారిపోయాక మళ్ళీ అదే జరిగింది, స్టేషన్ల ముందు బండ్లు గుట్టలు పడ్డాయి. 2020 జూన్‌లో, మద్యం కేసుల్లో పట్టుకున్న వాహనాలని చట్టం చెప్పిన అధికారి ముందు పెట్టడం లేదన్న విషయంలో రాష్ట్ర డీజీపీయే హైకోర్టు ముందు హాజరు కావాల్సి వచ్చింది.

సీసా డిక్కీలో ఉన్నప్పటి లెక్క ఇది. అదే మద్యం డ్రైవరు కడుపులో ఉంటే? చట్టం దృష్టిలో అది పూర్తిగా వేరే సంగతి. అక్కడ నేరం మనిషిది, శిక్ష మనిషికి. బండి పక్కకి జరపాల్సిన వస్తువు మాత్రమే. కానీ అదే స్టేషన్, అదే రిజిస్టరు, అదే ఆవరణ. దశాబ్దాలుగా మద్యం కేసంటే బండిని లోపల పెట్టడమే అని అలవాటైన చేతికి, తాగిన డ్రైవరు దొరికినప్పుడు ఆ చెయ్యి వేరేగా కదలదు. ఇది నా ఊహే, ఎక్కడా నిరూపించి లేదు. కానీ రెండు రకాల బండ్లూ ఒకే వరసలో తుప్పు పట్టడం చూసినప్పుడు ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

మా అన్న కారు

ఇప్పుడు ఆ సంగతి. మా పెద్దమ్మ కొడుకు టాక్సీ తిప్పుతాడు. సొంత కారు, సగం అప్పు తీరింది, సగం ఉంది. ఒక రాత్రి తను జ్వరంతో పడుకుని, తిరుపతి ట్రిప్పుకి ఇంకో డ్రైవర్ని పంపాడు. ప్రయాణికుల్ని దింపి వచ్చేటప్పుడు ఆ డ్రైవరు ఎక్కడో ఆగి తాగాడు. మధ్యలో ఒక ఊళ్ళో తనిఖీలో దొరికాడు. యంత్రంలో అంకె పెద్దదే వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండికి గీత పడలేదు. డ్రైవరు తర్వాత కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేసి వెళ్ళిపోయాడు. కారు మాత్రం ఆ స్టేషన్ ఆవరణలో ఉండిపోయింది. ఊరు పేరు వద్దు, ఎక్కడైనా ఇంతే.

"సార్, ఆర్సీ నా పేరు మీదుండాది. లైసెన్సు ఉంది. తాగింది నేను కాదు గదా" అన్నాడు అన్న.

"కాదనలేదబ్బా. ఎస్సై గారు కొండ మీద బందోబస్తుకి పోయుండారు. వచ్చినాక రాండి" అన్నాడు రైటరు. మనిషి మంచివాడే, టీ కూడా చెప్పాడు.

ఎస్సై గారు వచ్చాక కోర్టు ఆర్డర్ తెమ్మన్నారు. కోర్టు దగ్గర వకీలు, స్టేషన్ వాళ్ళు బండిని కోర్టుకి చూపించనే లేదు, ఆర్డర్ దేని మీద ఇస్తారు అన్నాడు. మా వృత్తిలో దీన్ని డెడ్‌లాక్ అంటాం. ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగి ఉంటారు, ఇద్దరూ నియమం ప్రకారమే ఆగి ఉంటారు, పని మాత్రం జరగదు. ప్రోగ్రాములో అయితే ఇంతసేపు చూసి వదిలెయ్ అని ఒక గడువు పెడతాం. 1871 వాళ్ళు కూడా పెట్టారు, ఏడు రోజులని.

చివరికి పిటిషన్ వేసి, పూచీకత్తు రాసిచ్చి, ఇంకో మనిషి జామీను పెట్టి కారు తెచ్చుకునేసరికి ఆరు వారాలైంది. బ్యాటరీ చచ్చిపోయింది. స్టెప్నీ లేదు. పంచనామాలో స్టెప్నీ ఉన్నట్టు రాసి ఉంటే అడగొచ్చు, రాయలేదు. లోపల ఉండగానే ఇన్సూరెన్సు గడువు తీరింది. రెండు నెలవాయిదాలు బయట అప్పు తెచ్చి కట్టాడు. తాగినవాడికి పడ్డ జరిమానా కన్నా తాగనివాడికి పడ్డ ఖర్చు ఎన్నో రెట్లు. నాలుగణాల జరిమానా, పంట నష్టం.

కోర్టులు ఎప్పుడో చెప్పాయి

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను బెంగళూరులో కూర్చుని రాత్రుళ్ళు తీర్పులు చదివాను. కోర్టులకి ఈ విషయం తెలియక కాదు, నలభై ఏళ్ళకి పైగా చెప్తూనే ఉన్నాయి.

1977లో సుప్రీంకోర్టు ముందుకి మైసూరు రాష్ట్రం నుంచి బసవ్వ అనే ఆవిడ కేసు వచ్చింది. ఇంట్లో దొంగలు పడి నగలు పోయాయి. పోలీసులు పట్టుకున్నారు. ఆ నగలు పోలీసుల అధీనంలో ఉండగానే మళ్ళీ పోయాయి. వస్తువు లేకపోయినా దాని విలువ ప్రభుత్వం చెల్లించాల్సిందే అంది కోర్టు.

2002 అక్టోబరు 1న సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో తీర్పు వచ్చింది. గుజరాత్‌లో కేసుల్లో పట్టుకున్న సొత్తుని పోలీసులే మార్చేశారన్న ఆరోపణల నుంచి పుట్టిన కేసది. 1871 నాటి 19వ సెక్షన్ ఎందుకు రాశారో ఇక్కడ మళ్ళీ గుర్తొస్తుంది. వాహనాల గురించి ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది: పట్టుకున్న వాహనాలని ఏళ్ళ తరబడి స్టేషన్లలో ఉంచి ప్రయోజనం లేదు, మేజిస్ట్రేటు తగిన బాండు, పూచీకత్తు తీసుకుని వెంటనే ఉత్తర్వులివ్వాలి, ఫోటోలు తీసుకుంటే విచారణకి అవి చాలు. ఏ వస్తువైనా స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెల దాటి ఉండకూడదు. ఎవరూ రాని వాహనాన్ని వేలం వెయ్యొచ్చు. 2010లో ఇన్సూరెన్సు కంపెనీల సమాఖ్య వేసిన కేసులో ఇవే మాటలు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం.

సూటిగా మన విషయం మీద తీర్పు 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు నుంచి వచ్చింది. తాగి నడిపినందుకు వాహనాన్ని సీజ్ చేసి ఉంచుకునే అధికారం పోలీసులకి లేదన్నారు జస్టిస్ కె. లక్ష్మణ్. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే బంధువునో స్నేహితుణ్ణో పిలిపించాలి. ఎవరూ దొరక్కపోతేనే దగ్గరి స్టేషన్‌లో తాత్కాలికంగా పెట్టాలి. తర్వాత యజమాని ఆర్సీ, లైసెన్సు చూపిస్తే ఇచ్చెయ్యాలి. ఇది పొరుగు రాష్ట్రం హైకోర్టు తీర్పు, ఆంధ్రలో పోలీసులని నేరుగా కట్టడి చెయ్యదు. కానీ చట్టం రెండు చోట్లా ఒకటే, 202వ సెక్షన్ గూడూరులో ఒక రకంగా, హైదరాబాదులో ఒక రకంగా రాసి లేదు.

ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే లెక్క మారుతుంది. అప్పుడు అది న్యాయసంహిత కింద కేసు, బండి సాక్ష్యం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకులూ అవీ చూసి నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత కోర్టులో పిటిషన్ వెయ్యాలి. పాత నేర విచారణ స్మృతిలో 451, 457 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 497, 503. కొత్త 497లో గడువులు చేర్చారు: కోర్టు ముందుకి వచ్చిన వస్తువుకి పద్నాలుగు రోజుల్లో వివరాల పట్టీ తయారు చెయ్యాలి, ఫోటోలో వీడియోనో తీయించాలి, ఆ తర్వాత ముప్పై రోజుల్లో అప్పగించడమో ఇంకోటో తేల్చాలి. చట్టం మళ్ళీ రోజులు లెక్కపెట్టడం మొదలెట్టింది. కాకపోతే ఈ లెక్క వస్తువు కోర్టు ముందుకి వచ్చాకే మొదలవుతుంది. మా అన్న కారు ఇరుక్కున్నది సరిగ్గా అంతకు ముందున్న ఖాళీలో.

దూబగుంట అడిగితే

ఇదంతా చదివి ఒకరు అడగొచ్చు: తాగి నడిపేవాళ్ళ మీద ఇంత సానుభూతేంటి? బండి లాగేసుకుంటేనే భయం ఉంటుంది, జరిమానా కట్టి పోయేవాడికి ఏం లెక్క?

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేను. మా ఊరు రహదారి మీద ఉంది. నిమ్మకాయల లారీలు, చెన్నై బస్సులు, తిరుపతి కార్లు, రాత్రంతా నడిచే రోడ్డది. తాగినవాడి చక్రం కింద పడ్డవాడికి ఏ సెక్షన్ కిందా తిరిగి ఇచ్చేది ఉండదు. దూబగుంట ఆడవాళ్ళని ఇప్పుడు అడిగితే బహుశా బండి కూడా తగలెయ్యమనే అంటారు, వాళ్ళకా హక్కుంది.

కానీ వాళ్ళు చేసిన పనిని సరిగ్గా చూడండి. వాళ్ళు తాగినవాళ్ళ ఎడ్లని తోలుకుపోలేదు, ఇళ్ళలో గిన్నెలు గుంజుకోలేదు. దుకాణం మీదికి వెళ్ళారు, తర్వాత వేలం పాట మీదికి వెళ్ళారు. ఇంట్లో వస్తువు పోతే మొదట పస్తుండేది ఎవరో వాళ్ళకి తెలుసు. తాగినవాడి ఆటో మూడు నెలలు స్టేషన్‌లో ఉంటే వాడు తాగడం మానడు, వాడి పెళ్ళాం వడ్డీకి తెస్తుంది. డబ్బున్నవాడి కారుకి ఈ బాధ కూడా లేదు. రెండో రోజుకి ఫోను వస్తుంది, మూడో రోజుకి కారు ఇంటికొస్తుంది. భయం పెట్టడానికే బండిని పెట్టుకుంటున్నామంటే ఆ భయం ఎవరికి మిగులుతోందో చూసుకోవాలి.

శిక్ష గట్టిగా ఉండాలంటే మనిషి మీదే ఉండాలి. లైసెన్సు రద్దు చెయ్యండి, రెండోసారికి జైలుకి పంపండి, చట్టంలో అన్నీ ఉన్నాయి. అవి చెయ్యాలంటే కేసు రాయాలి, ఛార్జిషీటు వెయ్యాలి, కోర్టులో నిలబడాలి. బండిని ఆవరణలో పెట్టుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు, తాళంచెవి తీసుకుంటే చాలు. సులువైన పని కష్టమైన పనిని మింగేసింది.

గొడ్డుకి ఆకలేస్తుంది, అరుస్తుంది, చచ్చిపోతుంది. అందుకే 1871లో మేత గురించి, నీళ్ళ గురించి, రోజుల గురించి అంత వివరంగా రాశారు. కారు అరవదు, కాబట్టి దాని మేత ఎవరికీ గుర్తురాదు. కారు మేత అంటే బ్యాటరీ, టైర్లు, ఇన్సూరెన్సు, నెలవాయిదా. కొత్త చట్టం రాయమని నేను అడగడం లేదు. ఆ పాత చట్టం 12వ సెక్షన్‌లో ఉన్నట్టు ఒక పట్టీ రాసి ప్రతి స్టేషన్ గోడకీ వేలాడదీస్తే చాలు. ఏ తప్పుకి బండిని పెట్టుకుంటారు, ఏ సెక్షన్ కింద, ఎన్ని రోజులు, ఏ కాగితాలు చూపిస్తే ఇస్తారు. దాని పక్కన రిజిస్టరు, అందులో బండి వచ్చిన రోజు, గంట. స్టెప్నీ ఉందో లేదో కూడా.